మూడు మైదానాల మనిషి

ఆ మనిషిని జగదీష్ మొదట ధర్మవరంలో చూశాడు.

జగదీష్ ఒక దినపత్రికకు ఆటల విలేకరి. ఆటలు లేని రోజుల్లో దొంగతనాలు, ధర్నాలు కూడా అతనే రాస్తాడు. ఆ ఆదివారం మాత్రం ఆటలే మీద పడ్డాయి. పొద్దున ధర్మవరంలో కబడ్డీ. ఆ తర్వాత పెనుకొండలో బాలికల పరుగు పందేలు. సాయంత్రం హిందూపురంలో క్రికెట్ ఫైనల్. అన్నింటికీ అతనొక్కడే, అతని పాత బండి ఒక్కటే.

ధర్మవరంలో ముఖ్య అతిథి ఇంకా రాలేదు. కబడ్డీ ఆటగాళ్ళు చొక్కాలు విప్పారు, వేసుకున్నారు, మళ్ళీ విప్పారు.

గోడ పక్కన అరవై దాటిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు. మెడలో బైనాక్యులర్.

కబడ్డీకి బైనాక్యులర్ ఎందుకు? జగదీష్‌కు అక్కడే అనుమానం మొదలైంది.

"ఆడపిల్లల పరుగు ఈడేనాప్పా?" అని అడిగాడు ఆ మనిషి.

"ఈడ కాదు. పెనుకొండలో."

"పిల్లోల్లంతా ఆడికే వస్తారా?"

జగదీష్ పక్కకు జరిగాడు. అడిగిన తీరు అతనికి నచ్చలేదు.

పెనుకొండ చేరేసరికి మైదానం నిండా పెళ్ళి పందిరి. పందేల బ్యానరు ఉండాల్సిన చోట వధూవరుల బ్యానరు ఉంది.

"పరుగులన్నీ హిందూపురానికి మార్చినారు సార్. భోంచేసి పోండి," అన్నాడు వంట మేస్త్రి.

వార్త దొరకలేదు కానీ సాంబారు బాగుంది.

చెయ్యి కడుక్కుని బయటికి వస్తే, గేటు దగ్గర అదే మనిషి. ఆటోవాళ్ళను అడుగుతున్నాడు.

"ఆ ఆడపిల్లలు యాడికి పోయినారప్పా?"

జగదీష్‌కు బండి మీద హిందూపురం దాకా అదే ఆలోచన.

హిందూపురంలో మైదానానికి ఒక పక్క క్రికెట్, ఇంకో పక్క పరుగు. క్రికెట్ బంతి వచ్చి లాంగ్ జంప్ గుంతలో పడింది. దాన్ని వెతకడానికి రెండు ఆటలూ ఆగాయి.

అంతలో ఆ మనిషి మళ్ళీ కనిపించాడు. ఈసారి ఆడపిల్లల మధ్యనే ఉన్నాడు. ఒక్కొక్కరి దగ్గరికి పోయి, వంగి, ఎద మీద కట్టిన నంబరుకు మొహం ఆనించినంత దగ్గరగా చూస్తున్నాడు. పిల్లలు బెదిరి వెనక్కి జరుగుతున్నారు.

జగదీష్ నేరుగా గేటు దగ్గరికి పోయి కానిస్టేబుల్ సుంకన్నను వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమప్పా, ఎవరు నువ్వు?" అన్నాడు సుంకన్న.

"చంద్రమోహన్ అంటారు. గుంతకల్లు."

"ఈడేం పని?"

"కీర్తన అని, రొద్దం పాప. ఆ పాప కోసం వచ్చినా."

"నీకేమైతాది?"

"ఏమీ కాదు."

"ఎట్లుంటాదో తెలుసునా?"

"ఎప్పుడూ చూల్లేదు. పరిగెత్తితే గుర్తుపడతా."

సుంకన్న, జగదీష్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూడని పాప నీకెట్ల తెలుసు?" అన్నాడు జగదీష్.

"వాళ్ళమ్మ ఫోన్లో మాట్లాడతాంటా. రోజూ తెల్లారుజామున."

ఇంక వినాల్సిందేమీ లేదనిపించింది జగదీష్‌కు. రేపటి హెడ్డింగు కూడా తయారైపోయింది. 'బాలికల పోటీల్లో అనుమానితుడు. పట్టించిన విలేకరి.'

"ఉండు. ఆ పాపనే మైకులో పిలుస్తా. అందరి ముందర తేలిపోతాది."

ఆ మనిషి గాభరాగా జగదీష్ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దప్పా. పోటీ అయ్యేదాకా పిలవద్దు. నేను గేటు కాడ కూచుంటా."

"గేటు కాడ కాదు, ఊరు దాటల్ల."

"ఒక్క పరుగు చూసి పోతా."

"పోతావా, పిలవమంటావా?"

ఆ మనిషి ట్రాకు వైపు తిరిగి బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని, దించేశాడు.

"పోతా. పాపకు మాత్రం ఏమీ చెప్పద్దు. మనసు చెదిరిపోతాది."

సుంకన్న రెక్క పట్టుకుని నడిపించాడు. గేటు మెట్టు దగ్గర ఆ మనిషి తడబడి పడబోయాడు.

"తాగినాడు కూడా," అన్నాడు జగదీష్.

ఆఖరి పరుగులో రొద్దం కీర్తన అందరినీ వెనక వదిలేసి మొదటొచ్చింది. జగదీష్ ఫోటో తీసుకున్నాడు. రెండు మాటలు అడుగుదామని దగ్గరికి పోయాడు. ఆ పిల్ల పతకం వేసుకుని గేటు వైపే చూస్తోంది.

"నీ కోచ్ ఎవరమ్మా?"

"గుంతకల్లు సారు. ఫోన్లో నేర్పిస్తారు సార్."

జగదీష్ గేటు వైపు తిరిగాడు.

"మా పీటీ మేడం బదిలీ అయి పోతా తన గురువు నంబరు ఇచ్చింది. అమ్మ ఫోను నడుముకు కట్టుకుని పరిగెత్తుతా. కాళ్ళ చప్పుడు విని, యాడ తప్పు చేస్తాండానో చెప్తారు. ఈ పొద్దు వస్తానన్నారు. నేను ట్రాకు ఆ పక్కన ఉంటి. గేటు కాడ ఎవరన్నా పెద్దాయన కనిపించినారా సార్?"

అప్పుడే సుంకన్న తిరిగొచ్చాడు. పని అయిపోయిందన్నట్టు దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"లేదమ్మా," అన్నాడు జగదీష్. "వచ్చే పోటీకి వస్తారులే. అప్పుడు చూస్తారు."

కీర్తన గేటు మీది నుంచి చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపింది.

"అప్పటికి చూడలేరు సార్, వచ్చే నెలకంతా చూపు పూర్తిగా పోతాదని డాక్టర్లు చెప్పినారంట, ఇన్నాళ్ళూ చప్పుడే విన్న పరుగును ఒక్కసారి కండ్లతో చూసుకుంటానని ఈ పొద్దు వస్తానన్నారు."