బూట్లతోనే రండి

“మా ఇంట్లో వంటగదిలో కూడా చోటు మిగల్లేదు పిన్నీ. ఈ ముగ్గుర్నీ నువ్వు ఉంచుకో,” అంది సెనాదా, మునీరా ఇంటి మెట్ల మీద నిలబడి.

ఆమె వెనక మంచులో సిరియా నుంచి నడిచొచ్చిన భార్యాభర్తలు, తల్లి చంకలో పసిపిల్ల. అవతలి దేశం పోలీసులు సరిహద్దు దాటనివ్వక వాళ్ళను మళ్ళీ ఇటు బోస్నియాలోకే పంపేశారు.

మునీరా తలుపు సగమే తెరిచింది. “పొద్దున్నుంచి ఎన్ని తలుపులు తట్టావ్?”

“అన్నీ.”

“ఏమన్నారు?”

“చలిగాలి లోపలికొస్తోంది, త్వరగా వెళ్ళమన్నారు.”

మునీరాకు నవ్వొచ్చింది. నవ్వాక జాలీ వేసింది.

“సరే, రమ్మను. అల్లా పంపిన అతిథుల్ని నేను కాదంటానా? బూట్లు మాత్రం బయట విప్పమను.”

భార్యాభర్తలు అప్పటికే వంగి లేసులు విప్పుకుంటున్నారు.

“వద్దు!” సెనాదా చేతులు అడ్డం పెట్టింది. “బూట్లతోనే వెళ్ళండి.”

“మతిగాని పోయిందా నీకు? లోపల నమాజు చేసుకునే తివాచీ ఉంది. ఇదేమన్నా నీ ఇల్లనుకున్నావా, బురద కాళ్ళతో ఊరేగడానికి?”

సెనాదా ఇంటి సంగతి ఊరందరికీ తెలుసు. అక్కడ ఎవరూ గుమ్మం బయట జోళ్ళు విప్పకూడదు. అందుకే కాఫీకి ఆ గడప ఎవరూ తొక్కరు. తొంభైల నాటి యుద్ధంలో అనాథై, మేనమామ చేయి పట్టుకుని ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల. పద్ధతి నేర్పే తల్లి లేకపోయిందని సరిపెట్టుకున్నారు. ఇలాంటి వాళ్ళతో ఇల్లు నిండిన ఈ చలికాలం దాకా పండగనాడు కూడా ఆమె తన ఒక్కదానికే కాఫీ కాచుకునేది.

“దేవుడు తివాచీని చూస్తాడా పిన్నీ, దాని మీద కూర్చున్నవాళ్ళను చూస్తాడా?”

“రెండూ చూస్తాడు. బయట విప్పితే సరే. లేదంటే నీ వెంటే తీసుకుపో.”

పసిపిల్ల దగ్గింది. సెనాదా ఇంకో మెట్టెక్కి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట మునీరా చెవిలో చెప్పింది.

మునీరా తలుపు బార్లా తెరిచింది. ఆ ఇద్దరినీ చేతులు పట్టుకుని, బూట్లతోనే తివాచీ మీదికి నడిపించుకుపోయింది. మళ్ళీ బయటికొచ్చి, గుమ్మం పక్కనున్న తన జోళ్ళు కూడా లోపలికి తీసుకెళ్ళింది.

సెనాదా చెప్పింది ఇంతే: “సెర్బు సైన్యం మా ఊళ్ళో ముస్లిం ఇళ్ళన్నీ ఖాళీ చేయిస్తున్న రోజు, పక్కింటి సెర్బు ముసలామె మమ్మల్ని తన అటక మీద దాచింది పిన్నీ. గుమ్మం బయట మావాళ్ళు విప్పిన నాలుగు జతల జోళ్ళు చూసి సైనికులు నలుగుర్నే దింపుకుపోయారు. నాన్న భుజమెక్కి వచ్చిన నా కాళ్ళకు జోళ్ళు లేవు.”