ఏడింటికి పడిపోయే మీట

“దీన్ని పీకి పారేస్తే గాని ఈ ఇంటికి పట్టిన పీడ వదల్దు,” అంటూ ప్రసన్నకుమార్ స్క్రూడ్రైవర్ పట్టుకుని స్టూలెక్కాడు.

“మెయిన్ ఆపకుండా చెయ్యెట్టినావంటే నువ్వే పోతావు. దిగన్నియ్యా,” అంది గుమ్మంలోంచి నాగేశ్వరి.

కలకత్తా పక్కన లిలువాలో, ఆ గల్లీలోని పాత ఇళ్ళకు వైరింగు మార్చేది ఆమే. బెంగాలీలు మిస్త్రీ దిదీ, అంటే మేస్త్రక్క, అంటారు. ప్రసన్నకుమార్ ఇంట్లో చెక్కపట్టీల మీద పాకే పాత వైర్లన్నీ ఊడబీకి, కొత్తవి లాగి, వరండాలో బోర్డు మీద లీకేజీ స్విచ్ బిగించి పది రోజులైంది. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోకి పోబోతే ఆ స్విచ్ రెప్పపాటులో మీట పడేసి ఇల్లంతా ఆపేస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ పది రోజుల నుంచీ పొద్దున్న సరిగ్గా ఏడింటికి మీట పడిపోతోంది. ఆ వేళకి ప్రసన్నకుమార్ ఒళ్ళంతా సబ్బుతో, వెలుతురు రాని బాత్రూమ్‌లో ఉంటాడు. రైల్వే వర్క్‌షాపులో ఎంత మొండి బోల్టుకైనా జంకని మనిషి, చీకట్లో చెంబు వెతుక్కోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

“పాత ఫ్యూజు పాతికేళ్ళుంది. ఒక్కనాడైనా ఎగిరిందేటి?” అన్నాడు స్టూలు మీంచే.

“ఎలాగెగురుద్ది? అందులో నువ్వు చుట్టింది సైకిలు బ్రేకు తీగంత లావుంది. ఇల్లు కాలిపోయినా అది కాలదు.”

“నువ్వొచ్చి రెండుపాల్లు చూసినావు. ఏటి కనిపెట్టినావు?”

“వైర్లు బాగున్నాయి. మీరు చూపించిన సామానంతా బాగుంది. స్విచ్ కూడా బాగుంది. అందుకే ఇయ్యాల ఏడింటికి దీని కిందే కూకుంటాను. తప్పెక్కడున్నా నా కళ్ళముందు దొరికి తీరాలి. దొరక్కపోతే నా చేత్తో నేనే తీసేస్తాను.”

ఆ ధీమా చూసి అతను స్టూలు దిగాడు. ఆదివారం కాబట్టి డ్యూటీ తొందర కూడా లేదు. ఈ ఏటికి అదే మొదటి గట్టి చలి. ఇద్దరూ శాలువాలు కప్పుకుని బోర్డు కింద చేరి గడియారం చూస్తూ కూర్చున్నారు.

ఏడైంది. లోపల దేవుడి గంట మోగింది. ప్రసన్నకుమార్ తల్లి నారాయణమ్మ కుంకుమ గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఇద్దర్నీ పక్కకు జరగమని చెయ్యూపింది. స్టూలెక్కి స్విచ్‌కి బొట్టు పెట్టింది. దణ్ణం పెట్టుకుంది. తర్వాత దాని మీదున్న బుల్లి బొత్తాం వేలితో నొక్కింది. టక్‌మని మీట పడింది, లోపల లైట్లన్నీ ఆరిపోయాయి.



“అమ్మా! రోజూ నొక్కుతున్నది నువ్వా?” అన్నాడు ప్రసన్నకుమార్.

“నానే. బొత్తాం నొక్కితే మీట పడాల, పడితే మన పేనాలకి కాపలా ఉన్నట్టే అని ఈ పిల్లే కదరా సెప్పింది!”

“నెలకోసారి నొక్కమన్నాను పెద్దమ్మా!”

“పేనాలు కాసేదానికి నెలకోసారేటే? మీ వర్క్‌షాపోళ్ళు ఇశ్వకర్మ పూజ ఏడాదికోపాలి సేసి ఊరుకుంటారు. నానలాగ ఊరుకోను. దేవుడికి దీపం రోజూ ఎడతాను, దీనికీ రోజూ మొక్కుతాను.”

“పది రోజుల్నుంచి గొంతు చించుకుంటన్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా!”

“నన్నెవులడిగినారు? కరెంటు సంగతి ముసిల్దానికేటి తెలుసునని మీరే అనుకున్నారు,” అని ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాగేశ్వరి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే మీట ఎత్తింది. లైట్లు వెలిగాయి. పదో తరగతి చదివే ప్రసన్నకుమార్ కూతురు రాణి చలికి వణుకుతూ, తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూమ్‌లోకి పరిగెత్తింది.

కిటికీ లేని ఆ వంటింట్లో బల్బు కింద ముగ్గురూ పీటలేసుకుని కూర్చున్నారు.

“అయితే ఇంట్లో ఏ లోపమూ లేదన్నమాట,” అన్నాడు ప్రసన్నకుమార్.

“నాకైతే కనబళ్ళేదు.”

“మరింకేటి? దొంగే లేని ఇంటికి కాపలావాడెందుకు? మా అమ్మ మొక్కడం మానదు. నాకు రేపు మొదటి షిఫ్టు. టీ తాగి తీసేస్తాను.”

నాగేశ్వరి మొహంలో నవ్వు ఆగిపోయింది. తప్పు దొరికితే స్విచ్ నిలుస్తుందనుకుంది గాని, దొరికిన తప్పే దాని కొంప ముంచుతుందని అనుకోలేదు. ఆమెకు నిజంగా బాధేసింది.

“వద్దన్నియ్యా. పెద్దమ్మకి నచ్చజెప్పే పూచీ నాది. ఇంట్లో ఆడపిల్లుంది, రోజూ తడి చేతులు...”

“ఇన్నాళ్ళూ లేదేటి? ఎవులికేటైంది?” అంటూ అతను స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

టక్‌మంది. వంటింటి బల్బు ఆరిపోయింది.

“అమ్మా! మళ్ళీ నొక్కేసినావా?” అని అరిచాడు ప్రసన్నకుమార్.

“ఎలాగ నొక్కుతాన్రా? నీ ఎదురుగానే కదా టీ పోస్తన్నాను!” అంది చీకట్లోంచి నారాయణమ్మ.

ఇంతలో బాత్రూమ్‌లోంచి రాణి గొంతు వినబడింది. “నాన్నా! అటక మీది పాత హీటర్ రాడ్ తీసి బకెట్లో పెట్టాను. నీళ్ళు వేడెక్కాయేమోనని చెయ్యి పెడితే జివ్వున లాగింది, అంతే, కరెంటు పోయింది. కాస్త ఆ మీట ఎత్తవా?”