అంతరాయం

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గోడలే బొమ్మల కథలు అల్లుతున్నాయి. ఎవరి కథ వాళ్ళదే. ఒకరు చూసింది ఇంకొకరు చూడరు. కాకినాడలో పదిహేనో అంతస్తులో ఒంటరిగా ఉండే సత్యవేణి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తన చిన్నప్పటి ఆదివారం కార్టూన్ పెట్టమని గోడకు చెప్పింది. గోడ మీదికి ఆ కార్టూన్‌లోని ఉడుత వచ్చింది. "బాగున్నావా సత్యవేణీ?" అని పలకరించింది కూడా.

"అప్పుడిలా పిలిచేది కాదే," అని విసుక్కుందామె. "మధ్యలో ఆపేసి, 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని బోర్డు పెట్టు."

"అంతరాయమేమీ లేదు కదండీ?" అంది గోడ.

"నీకు తెలీదులే. పెట్టు."

బోర్డు పడింది. ఆ రోజుల్లో టీవీలో అది పడితే చాలు, వీధిలో పిల్లలంతా బయటికి పరుగెత్తేవారు. కార్టూన్ మళ్ళీ వచ్చేదాకా అరుగుల మీద ఒకటే గోల. సత్యవేణి చేట పక్కన పెట్టి, తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

"మీ ఇంట్లో కూడా పోయిందా?" అని గట్టిగా కేకేసింది.

వరండాలో ఎనిమిది తలుపులున్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

లోపలినుంచి గోడ మర్యాదగా అడిగింది. "అంతరాయం ఎంతసేపు ఉంచమంటారండీ?"

సత్యవేణి గుమ్మంలోనే చతికిలబడింది.

"ఎవరైనా వచ్చేదాకా ఉంచు."