రాగి కడియం

"అప్పా, దిగే ముందర ఒక్క మాట" అంటూ ఉరుకుందమ్మ వచ్చి తాడు పట్టుకుంది.

దేవేంద్రప్పకు ఒళ్లు మండింది. నడుముకు తాడు బిగించుకుని, చేతిలో లాంతరుతో, గని అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నవాడితో అప్పుడా కబుర్లు? అతను ఆదోనిలో జిన్నింగు మిల్లు ఫిట్టరు. జొన్నగిరి బంగారు గని మూసేసి పోతూ దొరల కంపెనీ లోపలే వదిలేసిన పంపు ఏమైనా పనికొస్తుందేమో చూసి రమ్మని సేటు పంపాడు. సేటు ముందు మీసం తిప్పి వచ్చాడు గాని, గనిలోకి దిగడం అతనికి ఇదే మొదలు.

"ఏమక్కా?"

"లోపల మా ఆయప్ప ఉండాడేమో సూడప్పా."

దేవేంద్రప్ప బిత్తరపోయి రంగన్న వైపు చూశాడు. రంగన్నది ఆ ఊరే. పైనుంచి తాడు వదలడానికి కూలికి వచ్చాడు. అతను దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"ఈమె మొగుడు సుంకన్న. పన్నెండేండ్ల కిందట, కంపెనీ పోయినాక, పంపుకుండే ఇత్తడి పీక్కొద్దామని దిగినాడన్నా. ఈ దూలానికే తాడు కట్టుకున్యాడు. పైన ఈమొక్కతే. ఎక్కొచ్చేటప్పుడు తాడు తెగింది. రెండు దినాలు ఊరంతా వచ్చి అరిసినా పలకల్యా. లోపల ఊపిరాడనీని సెడ్డగాలి ఉంటాదని ఎవరూ దిగల్యా."

"మరి బొట్టూ, గాజులూ?"

"పీనుగను సూపీండి, అప్పుడు తీస్తానంది. లోపల్నుంచి ఆ గుట్ట అవతలికి పక్కదారొకటి ఉండాదంట. అట్ల బయటపడినా పడుంటాడని ఈమె ఆశ. దినామూ ఈడ్నే గడ్డి కోసుకుంటా ఈ గని దిక్కే సూస్తా ఉంటాది. మొగుడు కొట్టినా తిట్టినా ఇట్ల ఉండాలని ఊర్లో అత్తలు కోడండ్లకు ఈమెనే సూపిచ్చి బుద్ధి సెప్తారు."

దేవేంద్రప్ప విసుగు ఎటు పోయిందో పోయింది.

"గుర్తేమన్నా ఉండాదా అక్కా?"

"ఎడమ సేతికి రాగి కడియం. ఈడ సొట్ట పడింటాది" అని ఆమె తన మణికట్టు మీద చూపించింది. ఆ చేతి చూపుడువేలు విరిగి అతుక్కున్నట్టు వంకరగా ఉంది. అతను చూడగానే చెయ్యి కొంగులోకి లాక్కుంది. గనిపనిలో విరిగిందేమో పాపం, అనుకున్నాడు.

"బాగా సూడప్పా. ఉంటే ఉండాడని సెప్పు, లేకుంటే లేడని సెప్పు. నాకు కండ్లనిండా నిద్ర పట్టి పన్నెండేండ్లయింది."

రంగన్న తాడు వదిలాడు. ఎమ్మిగనూరు సంతలో నిన్ననే కొన్న తాడది. అయినా దేవేంద్రప్ప దాన్ని రెండు చేతులా కరిచి పట్టుకున్నాడు. తల మీది వెలుతురు తట్టంత అయింది, తర్వాత గిన్నెంత అయింది. గోడల నుంచి నీళ్లు కారుతున్నాయి. కాళ్లు బురదలో దిగబడ్డాక గాని అతను ఊపిరి తీసుకోలేదు. తీసుకున్న ఊపిరి కూడా బరువుగా ఉంది.

పంపు అక్కడే ఉంది, అతనికన్నా ఎత్తుగా. పళ్లచక్రాన్ని గోటితో గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. చక్రం కాదు గదా, ఒక్క మేకు కూడా పనికిరాదు. ఇక చాలు, పైకి పోదాం అనుకున్నాడు. ఉరుకుందమ్మ మాట గుర్తొచ్చి, లాంతరు పైకెత్తి పంపు వెనక్కి నడిచాడు.

అక్కడ ఎముకలున్నాయి.

పక్కన చివికిపోయిన గోనెసంచి, అందులో నాలుగు ఇత్తడి కుళాయిలు. ఎడమ చేతి ఎముకకు రాగి కడియం. సొట్ట కూడా ఉంది. కింద బొటనవేలంత లావు తాడు చుట్టలు పడి ఉంది. 'ఇంత లావు తాడు ఎట్ల తెగిందబ్బా' అనుకునేలోపే లాంతరు మంట వత్తి దగ్గరకు కుంగిపోయింది. చెడ్డగాలి! పక్కదారి వైపు చూశాడు. పైకప్పు కూలి, బండలతో పూడిపోయి ఉంది. ఆమెకు చూపించాలి గదా అని కడియం లాగి జేబులో వేసుకుని, తాడు గబగబా మూడుసార్లు గుంజాడు.

పైకి వచ్చేసరికి ఉరుకుందమ్మ కొడవలి పట్టుకుని అంచునే నిలబడి ఉంది. పసుపు పూసిన ముఖం, రూపాయి బిళ్లంత బొట్టు, చేతుల నిండా మట్టిగాజులు. ఇన్నేళ్లు నిలుపుకున్న ఆ బొట్టును తన నోటితో చెరపాలా? దేవేంద్రప్పవల్ల కాలేదు. జేబులో కడియాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండాడా?"

"లేడక్కా. ఎవురూ లేరు."

"పంపు ఎనక సూసినావా?"

"సూసినా. బొమికె గూడా లేదు. పక్కదారి తెరిసే ఉండాది. బయటపడినాడు, అనుమానం లేదు. యాడో బతికే ఉంటాడు. ఈపొద్దు గాకుంటే రేపొస్తాడు సూడు."

ఆమె అక్కడే కూలబడింది. కళ్లనుంచి బొటబొటా నీళ్లు కారాయి. రంగన్న తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. పంపు తుప్పు పట్టిందంటే సేటు తిడతాడు. తిట్టనీ! ఒక మనిషికి ప్రాణం పోసినట్టు దేవేంద్రప్ప మనసు తేలికపడింది.

కాసేపటికి ఉరుకుందమ్మ లేచింది. కోసిన గడ్డిమోపు అక్కడే వదిలేసింది. కొడవలి మాత్రం విడవకుండా, గుట్ట వైపు మాటిమాటికీ చూసుకుంటూ, ఊరి దారిన గబగబా నడిచింది.

పన్నెండేళ్ల కిందట ఆ తాడు కోసింది ఆమే.