చంద్ర బోటుకు కొత్త లైట్లు

ధర్మవరం చెరువులో బోటు తిప్పుతానని చంద్ర అన్నప్పుడు నవ్వనివాడు లేడు. చినుకు కోసం మొగం వాచిన సీమలో బోటేమిటని బంధువులంతా ఆటపట్టించారు.

చంద్ర పట్టు వదల్లేదు. హిందూపురం బ్రోకరు ఓబన్న ద్వారా, గోదావరి మీద తిరిగి మూలపడిన పాత లాంచీ ఒకటి కొన్నాడు. అది లారీ ఎక్కి వచ్చింది. దాని ఓనరు ఎవరో అతను చూసిందీ లేదు, అడిగిందీ లేదు.

రంగులు వేయించాడు, సీట్లు మార్పించాడు. ఇక మిగిలినవి లోపలి లైట్లు. ఇత్తడి చట్రాల్లో పసుపు బల్బులు. సగం వెలగవు.

ఆ రోజు సాయంత్రమే పెనుకొండ నుంచి నాయకుడొకాయన వచ్చి ప్రారంభించాలి. ఈలోగా అవి పీకేసి తెల్లటి ఎల్‌ఈడీలు పెట్టకపోతే చంద్ర పరువు చెరువు పాలే. పాతవి పీక్కుపొమ్మని, ఎవరో ఇచ్చిన నంబరు చూసి ఒక పాతసామాన్లవాడికి పొద్దున్నే ఫోను కొట్టాడు.

కాసేపటికి సంచీ పట్టుకుని ఒక పెద్దాయన గట్టు దిగాడు. బోటులోకి తొంగి చూశాడు.

"లైట్లు మార్చేస్తున్నారాండీ?"

"నీ కోసరమే చూస్తాండా. రాప్పా, పీకు," అని చంద్ర స్క్రూడ్రైవరు చేతిలో పెట్టాడు.

పెద్దాయన తెల్లబోయాడు. తర్వాత ఎందుకో నవ్వుకుని, పంచె ఎగగట్టి పనిలోకి దిగాడు.

సుత్తితో బాది లాగేస్తాడనుకున్నాడు చంద్ర. ఈయనేమో ఒక్కో స్క్రూ నెమ్మదిగా విప్పి, ఒక్కో లైటూ తువ్వాలుతో తుడిచి బల్ల మీద పెట్టాడు. కొత్తవి బిగించడానికీ చెయ్యేశాడు. చంద్ర భార్య మంజులత బొరుగుల ఉగ్గాని పెడితే, మరమరాలకు ఇంత రుచి ఉంటుందని తెలియదండీ అన్నాడు. ఆవిడ పొంగిపోయి ఇంకో గరిటె వడ్డించింది.

కొత్త లైట్లు వెలిగాయి. బోటంతా పెళ్ళి మండపంలా అయింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది పెద్దాయనే.

తలుపు పక్కనుంచి తీసిన పాత లైటు ఒక్కటి మాత్రం సంచిలో పెట్టుకుని, మిగతావి మీరే ఉంచుకోండి అన్నాడు. ఇట్లా వ్యాపారం చేస్తే ఈయన బాగుపడినట్టే అనుకున్నాడు చంద్ర.

పెద్దాయన పోకుండా కాసేపు నిలబడ్డాడు.

"బాబూ, ఒక్క రౌండు నన్నూ ఎక్కించుకుంటారా? ఓ మూల నిలబడతాను."

చంద్రకు నవ్వొచ్చింది.

"ఈపొద్దు పెద్దోళ్ళు వస్తాండారు, సీట్లన్నీ నిండిపోయినాయి. ఇంకో దినం రా పెద్దాయనా, టికెట్టు లేకుండా తిప్పుతా."

సరేనండీ అని ఆయన గట్టెక్కాడు.

సాయంత్రమైనా నాయకుడు రానేలేదు. పనిబడిందని ఫోను మాత్రం చేశాడు. పూలు చుట్టిన ముందు కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. అయినా బోటు కదలగానే, నవ్విన బంధువులే ఈలలు వేశారు. నడిచెరువులో లైట్లు వేస్తే పిల్లలు కేకలు పెట్టారు. ఇంత సంతోషం చంద్ర ఎన్నడూ ఎరగడు. గట్టు మీద పెద్దాయన కూడా చెయ్యి ఊపుతూ కనిపించాడు. బోటు తిరిగొచ్చేసరికి అక్కడ లేడు.

ఒడ్డున ఆటో ఆపుకుని ఒకతను ఎదురుచూస్తున్నాడు.

"లేటయింది, ఏమనుకోవద్దన్నా. పాత లైట్లు యాడుండాయి?"

చంద్రకు ఏమీ అర్థం కాలేదు. పాతసామాన్లవాడు ఇతనైతే, పొద్దున వచ్చినదెవరు?

అంతలో ఓబన్న ఫోను.

"చంద్రా, నీకు చెప్పేది మరిచినా. ఆ బోటు ముప్పై ఏండ్లు నడిపిన ఓనరు గోదారి నుంచి ఈపొద్దే వచ్చినాడంట. అమ్మేటప్పుడు ఆయప్ప ఒకటే అడిగినాడు, మళ్ళీ నీళ్ళలోకి దిగేపొద్దు తనను ఒక్క రౌండు ఎక్కించుకోమని. ఎక్కించుకున్నావు కదా?"