రెండిట్లో తేలికది

“పట్టుకుంటే విరిగేటట్టున్నది. చిన్నప్పటి పలక సుత ఇంతకన్న మందముంటది,” అంది ఇమాంబీ, చిన్న లాప్‌టాప్‌ను చూస్తూ.

కౌంటర్ అవతల మధు నవ్వాడు. హన్మకొండలో షాపు తెరిచినప్పటి నుంచి ఇలాంటి తల్లులు అతనికి అలవాటే.

“విరగదు పెద్దమ్మా. సన్నగున్నా గట్టిది. అందుకే రేటెక్కువ.”

“రేటెక్కువ, తెర తక్కువ. ఇదెక్కడి న్యాయం నాయనా?”

ఇమాంబీ పక్కనున్న పెద్ద లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుంది. తెర వెడల్పుగా ఉంది. అంకెలకు విడిగా మీటలున్నాయి. ధర చూస్తే చిన్నదానికి సగం. ఆలోచించడానికేముంది ఇందులో? కూతురు మెహనాజ్ మాత్రం దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. స్టూలు మీద కూర్చుని చిన్నదాన్నే ఒళ్లో పెట్టుకుంది.

“నాకిదే కావాలమ్మా. అది మోయలేను.”

“మోయలేవా? నెక్కొండల బియ్యం బస్తాకు నేనొక దిక్కు పడితే నువ్వొక దిక్కు పట్టలే? ఇప్పుడే ముసలిదానివైనవా?”

మెహనాజ్ చిన్నదాని మూత తెరిచి మీటలు నొక్కి చూసుకుంది. ఆ తీరే ఇమాంబీ ఒళ్ళు మండించేది.

మడికొండ ఐటీ పార్కులో మెహనాజ్‌కు కొత్తగా ఉద్యోగం వచ్చింది. లాప్‌టాప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. కొనిపెడతానని ఇమాంబీ ఎప్పుడో మాటిచ్చింది. ఆ మాట కోసమే చిట్టీ ఎత్తి, పొద్దున్నే నెక్కొండలో రైలెక్కింది.

కానీ షాపు ముందు కూతుర్ని చూసినప్పటి నుంచీ ఆమె మనసు మనసులో లేదు. మెహనాజ్ ఆటోలో వచ్చింది. ఆ ఆటో వెనకాలే అల్లుడు మజర్ బండి మీద వచ్చాడు. మొగుడి బండి వెనక సీటు ఖాళీగా ఉంటే పెళ్ళాం ఆటో ఎక్కడమేమిటి? అడిగితే “రోడ్డు బాగలేదమ్మా” అంది. ఆటోకు బాగున్న రోడ్డు బండికి బాగలేదా?

“మజర్ లోపటికి రాడేంది?”

“ఫోన్ మాట్లాడుతాండు.”

ఇమాంబీ అద్దం తలుపులోంచి చూసింది. ఫోను మజర్ చొక్కా జేబులోనే ఉంది. అతను లోపలికే చూస్తున్నాడు. అత్త కళ్ళు తనవైపు తిరగగానే గబుక్కున తల తిప్పుకున్నాడు. ఏ తప్పూ చేయనివాడు అలా తల తిప్పుకుంటాడా?

మధు ఫోను తీశాడు. “అక్కా, గట్లనే పట్టుకో. ఒక ఫోటో తీస్తా. మా షాపు స్టేటస్‌ల పెట్టుకుంటం.”

“వద్దు నాయనా, వద్దు!” ఇమాంబీ చెంగు అడ్డం పెట్టింది. “నజర్ తగుల్తది, దిష్టి కొడ్తది. పోయినేడు తొందరపడి వాడకట్టంత మిఠాయి పంచిన. ఏమైందో ఆ అల్లాకెరుక. అప్పటిసంది మంచి ముచ్చటంటేనే నాకు భయం.”

మెహనాజ్ తల వంచుకుంది. ఆ సంగతి తల్లీకూతుళ్ళిద్దరూ మళ్ళీ ఎత్తరు.

మధు ఫోను జేబులో పెట్టేసి మాట మార్చాడు. “చిన్నదైతే మంచిగ బ్యాగులేసుకోని ఎటన్న పోవచ్చు పెద్దమ్మా.”

ఎటన్నా!

ఆ ఒక్క మాటతో ఇమాంబీకి అంతా అర్థమైపోయినట్టనిపించింది. కూతురి చెవి దగ్గరికి వంగింది.

“నిజం చెప్పు బిడ్డా. మజర్‌తోని పంచాయితైందా? ఇల్లు ఇడిచిపెట్టి ఎటన్న పోదామనుకుంటాన్నవా?”

“నేను పోయేది ఆఫీసుకమ్మా.”

“మరి నెక్కొండకెందుకు వస్తలేవు? ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, పండుకున్నదంటడు. పట్టపగలు పండుకునుడేంది? నిన్ను కొడుతాండా?”

“కొట్టుడా? ఆయన బొద్దింకనే కొట్టడు. నేనే కొట్టాలె.”

“నవ్వులాటగున్నదా నీకు? నాకు రాత్రిళ్ళు నిద్రపడుతలేదు.”

“జర ఓపిక పట్టమ్మా. ఇంకొన్ని దినాలు.”

“ఇంకొన్ని దినాలైతే ఏమైతది? కాగితాలొస్తయా? తలాకా?”

“అమ్మా! నెమ్మదిగ మాట్లాడు.”

మధు మొహమాటంగా లేని దుమ్మును తుడవసాగాడు. ఇమాంబీకి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఎంత అడిగినా మాట రాని కూతురు. గడప దాటి రాని అల్లుడు. మధ్యలో తనొక్కతే పిచ్చిదానిలా అరుస్తోంది.

“పెద్దదే కట్టు నాయనా,” అంది. “బరువుంటే మంచిదే. సంచిల పట్టదు. ఎక్కడున్నది అక్కడనే ఉంటది.”

“అమ్మా, నామాటిను...”

“పైసలు నావి.”

మధు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్ద లాప్‌టాప్‌ను అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టాడు. ఇమాంబీ డబ్బు కట్టింది. పెట్టెను రెండు చేతులా ఎత్తి కూతురి ముందుకు చాపింది.

“పట్టు.”

మెహనాజ్ కదల్లేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

“పట్టమంటే అట్ల నిలబడ్డవేంది? నా చేతులు గుంజుతానయ్!”

అద్దం తలుపు దబ్బున తెరుచుకుంది. మజర్ ఒక్క ఉరుకున వచ్చి పెట్టెను లాక్కున్నాడు.

“ఆమెకియ్యకు అత్తమ్మా!”

ఇమాంబీ ఖాళీ చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

“నా బిడ్డకు నేనిచ్చేది గుంజుకుంటవా?” ఇమాంబీ అతని మీదికి వెళ్ళింది. “ఇద్దరు కలిసి ఏం దాస్తాన్లు? కన్నతల్లికి సుత చెప్పరాని ముచ్చటా అది?”

మజర్ పెట్టెను గుండెకు హత్తుకుని భార్య వైపు చూశాడు. మెహనాజ్ కళ్ళ నిండా నీళ్ళు. నవ్వు మాత్రం ఆగడం లేదు.

“మూడో నెల నిండేదాక నీకు సుత చెప్పొద్దన్నది నువ్వే గదమ్మా.”