దిద్దని పుస్తకాలు

“దోనె వచ్చేస్తోందండీ మాస్టారూ! కిక్కిస పొదలు దాటేసిందండీ. ఇన్‌స్పెక్టరు గారు గొడుగేసుకుని కూర్చున్నారండీ!”

వల ఆరబెడుతున్న అప్పన్న గట్టు మీంచి వేసిన కేకకి భాస్కరరావు మాస్టారు చెబుతున్న పాఠం ఆపేశారు. వస్తారని వారం నుంచీ తెలుసు. అయినా కొల్లేటి నడుమ ఉన్న ఈ లంకకి ఇంత ఎండలో ఎవరొస్తారులే అని ఓ మూల పిచ్చి ఆశ. ఆశకేం, అది ఎన్నైనా చెబుతుంది.

నిరుడు ఈ ఇన్‌స్పెక్టరు బాపిరాజు గారే వచ్చి తనిఖీ పుస్తకంలో రెండు ముక్కలు రాసి పోయారు. “నోటు పుస్తకాలు దిద్దడం లేదు. వచ్చేసారీ ఇదే తీరైతే ఉపాధ్యాయుణ్ణి తొలగించవలసి ఉంటుంది.”

ఏడాది గిర్రున తిరిగింది. ముప్పైరెండు పుస్తకాలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఎర్రగీత లేదు.

ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అదొక ఏడుపు. అంతకు మించిన ఏడుపు ఇంకోటుంది. మాస్టారికి ముందు నలుగురు పంతుళ్ళు ఈ లంకకొచ్చి, వరదకీ దోమలకీ జడిసి, నెల తిరక్కుండా కైకలూరు దారి పట్టారు. ఈయన పదకొండేళ్ళుగా ఉన్నారు. ఈయన్ని కూడా పంపేస్తే బడికి తాళమే. పిల్లలు మళ్ళీ వలలు పట్టుకుని నీళ్ళలోకి దిగడమే.

కిర్రుచెప్పుల చప్పుడు గుమ్మంలో ఆగింది. పిల్లలందరూ ఒక్కసారి లేచారు.

“నమస్కారమండీ!”

“కూర్చోండర్రా. ఏమండీ మాస్టారూ, పుస్తకాలేవండీ?”

“బల్ల మీదున్నాయండి.”

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఒక పుస్తకం, రెండో పుస్తకం. ఐదో దాని దగ్గర ఆగిపోయింది.

“మళ్ళీ అదే వరసాండీ! ఒక్క పేజీ కూడా దిద్దలేదే! ఏ పిల్లవాడికి ఏం వచ్చో, ఏం రాదో మీకెలా తెలుస్తుందండీ?”

ఆయన కాళ్ళ మీద పడదామా అనిపించింది మాస్టారికి. పడితే మాత్రం ఏం లాభం? తెగించినవాడికి తెడ్డే లింగం అన్నారు.

“తెలుస్తుందండి. ఇక్కడ దిద్దేది నేను కాదండి, పిల్లలేనండి. తమరే ఉక్తలేఖనం చెప్పి చూడండి.”

బాపిరాజు గారు నోరు తిరగని మాటలన్నీ ఏరి ఏరి చెప్పారు. పలకల మీద బలపాలు కీచుమన్నాయి. అవగానే మాస్టారు చిటిక వేశారు. పిల్లలు పలకలు మార్చుకున్నారు. పక్కవాళ్ళ పలక పట్టుకుని ఒక్కొక్కరే లేవాలి. ముందు తన పేరు చెప్పాలి. పలక మీద ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం పైకి చదవాలి. తప్పు కనిపెట్టినవాళ్ళే అది ఎందుకు తప్పో కూడా చెప్పాలి. ఆ బడి పద్ధతి అది.

“నేను పెద్దింటమ్మనండి. ఇది చిట్టిబాబు పలకండి. విద్యుచ్ఛక్తిలో ఛ వత్తు పెట్టాల్సిన చోట చ వత్తు పెట్టాడండి.”

చిట్టిబాబు ముందుకొచ్చి, మాస్టారి అరచేతిలో వేలితో ఆ మాట తిరిగి రాశాడు. మాస్టారు తలూపారు.

“చేతిలో రాయించడం ఎందుకండీ?” అన్నారు ఇన్‌స్పెక్టరు.

“పలక మీదైతే పక్కవాడిది చూసి దించేస్తారండి. అరచేతిలో రాస్తే వేలు ఎక్కడ తడబడుతోందో నాకు ఇట్టే తెలిసిపోతుందండి.”

బాపిరాజు గారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. ఓ పలక లాక్కుని మాస్టారి చేతిలో పెట్టారు.

“ఇందులో తప్పులెన్నో మీరు చెప్పండి, చూద్దాం.”

బడి బడంతా ఊపిరి బిగబట్టింది. అయిపోయింది, ఇవాళ్టితో సరి అనుకున్నారు మాస్టారు. కానీ నోరు దానంతటదే లేచింది.

“నేను చెబితే నా చదువు తెలుస్తుందండి. పిల్లలు చెబితేనే కదండీ వాళ్ళ చదువు తెలిసేది? అమ్మా పైడమ్మా, నువ్వు రామ్మా.”

పైడమ్మ వచ్చి పలక అందుకుంది. గడగడా చదివి రెండు తప్పులు చెప్పింది.

“రెండే ఉన్నాయి,” అన్నారు బాపిరాజు గారు మెల్లిగా.

తరవాత తనిఖీ పుస్తకంలో కలం గీరుకుంటున్న చప్పుడు వినిపించింది.

“ఇరవై ఏళ్ళ సర్వీసండీ నాది. ఇలాంటి బడి ఎక్కడా లేదు. పక్కవాడి తప్పు పట్టిన పిల్ల ఆ తప్పు తను చెయ్యదు కదండీ! నిరుడు రాసింది కొట్టేశాను. మీ ఉద్యోగానికి పూచీ నాది.”

మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. బయట అరుగు మీద అప్పన్న “అమ్మయ్య” అనడం లోపలికి వినిపించింది.

గుమ్మం దాటబోతూ బాపిరాజు గారు ఆగారు.

“అన్నట్టు, వచ్చే సోమవారం నుంచి ఏలూరులో స్కాలర్‌షిప్పు పరీక్ష పేపర్లు దిద్దాలండి. నిఖార్సైన మనిషి కోసం వెతుకుతున్నాను. మీ పేరు రాసేశాను. మూడొందల పేపర్లు. నా ఎదురుగానే మీ కుర్చీ. రాలేనని మాత్రం అనకండేం, ఇదిగో ఆర్డరు!”

కాగితం మాస్టారి చేతిలో పెట్టి, భుజం తట్టి వెళ్ళిపోయారు. కాసేపటికి దోనె నీళ్ళలోకి జారింది.

పెద్దింటమ్మ వెక్కిళ్ళు పెడుతోంది. అప్పన్న గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

“ఇప్పుడెలాగండీ మాస్టారూ?”

మాస్టారు ఆర్డరు కాగితాన్ని వేళ్ళతో తడిమి మడిచారు. లంకలో పసివాళ్ళ దగ్గర్నుంచి పండుముసలి దాకా అందరూ కూడబలుక్కుని, రెండేళ్ళుగా గట్టు దాటి పోనివ్వకుండా కాచుకొచ్చిన సంగతి ఒక్కటే: మాస్టారికి రెండు కళ్ళూ కనిపించవు.